యూనియన్ డిమాండ్ల పత్రాన్ని కులం, ఆడ-మగ తేడా కలిపి చూస్తూ రాయడం ఎలా?

సోషలిజం అంటే జీతం, పని గంటలు, కష్టపడేవాళ్ల హక్కు. ఇందులో దేన్నీ వదులుకోనక్కర్లేదు. కానీ "ముందు వర్గం, కులమూ ఆడవాళ్ల సమస్యా తర్వాత" అని వరస పెట్టుకున్నంత కాలం మన పత్రం కొంతమందిని పట్టించుకోకుండానే పోతుంది. దీన్ని సరిచేసుకునే పద్ధతి పారిశుధ్య కార్మికుల విషయంలో చూద్దాం.

మొదట ఒక్క డిమాండ్ తీసుకోండి. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు గట్టిగా వినిపించినవాటిలో "సమాన పనికి సమాన వేతనం" ఒకటి. న్యాయమైనదే.

ఇప్పుడు తెల్లారకముందే మస్టర్ పాయింట్ (కార్మికులు హాజరు వేయించుకునే చోటు) దగ్గరికి వెళ్లండి. చీపురు ఎవరి చేతిలో ఉంది, ట్రాక్టర్ ఎవరు నడుపుతున్నారు, హాజరు ఎవరు వేస్తున్నారు, మురుగు కాలవలోకి ఎవరు దిగుతున్నారు? ఒక్కో పనికి ఎదురుగా కులం, ఆడా మగా, పర్మినెంటా ఔట్‌సోర్సింగా, మూడూ ఒకే వరసలో రాయండి. విడివిడిగా లిస్టులు వేస్తే ఆడవాళ్లు ఇంతమంది, దళితులు ఇంతమంది అని తేలుతుంది గానీ, ఊడ్చేది చాలాచోట్ల దళిత ఆడవాళ్లేననీ, వాళ్లలో డ్రైవర్ సీటు దాకా వెళ్లినవాళ్లు చాలా అరుదనీ కనపడదు. డ్రైవర్ పనే వాళ్లకు దొరకనప్పుడు ఆ పనికి సమాన జీతం వస్తే వాళ్లకేం ఒరుగుతుంది?

ఇలా విడివిడిగా చూస్తే ఏమవుతుందో ఒక పాత కేసు చెబుతుంది. అమెరికాలో ఐదుగురు నల్లజాతి ఆడవాళ్లు జనరల్ మోటార్స్ మీద కేసు వేస్తే, జాతి వివక్షనూ ఆడవాళ్ల మీద వివక్షనూ కలిపి అడగడం కుదరదని 1976లో కోర్టు తేల్చేసింది. కంపెనీ ఆడవాళ్లను తీసుకుంది కదా అన్నారు, ఆ ఆడవాళ్లు తెల్లవాళ్లు! 1989లో అమెరికా న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లీ క్రెన్‌షా ఇంటర్‌సెక్షనాలిటీ (ఒకే మనిషి మీద రెండు మూడు వివక్షలు కలిసి పడటం) గురించి రాసినప్పుడు ముందుపెట్టిన కేసుల్లో ఇదొకటి. అంబేడ్కర్ అయితే 1936లోనే, కులాన్ని పని విభజన అని సమర్థించేవాళ్లకు జవాబుగా, కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ల విభజన కూడా అని చెప్పారు.

తర్వాత డిమాండ్ తిరగరాయండి. జీతం లైను అలాగే ఉంచి, దాని కిందే ఊడ్చేవాళ్లకు డ్రైవింగ్ శిక్షణ, సూపర్‌వైజర్ పోస్టుల్లో మొదటి అవకాశం, మస్టర్ పాయింట్ దగ్గర టాయిలెట్ చేర్చండి. కాలవలు తీయడానికి యంత్రం అడిగితే, దాన్ని నడిపే ఉద్యోగం ఇన్నాళ్లూ దిగినవాళ్లకే ఇవ్వాలని కూడా రాయండి, లేకపోతే ఉన్న పనీ పోతుంది.

మీటింగ్ రాత్రి ఏడింటికి పెడితే వంట వేళ, ఆడవాళ్లు రాలేరు. డ్యూటీ దిగే టైముకి అక్కడే పెట్టండి.

ఇలా చేస్తే ఐక్యత దెబ్బతింటుందని కొందరు నిజాయితీగానే భయపడతారు. కానీ సమ్మెలో జీతం ఆగితే మొదట అప్పుకు పరిగెత్తాల్సిన మనిషికి పత్రంలో ఏమీ లేకుండా, చివరిదాకా నిలబడమనడం అన్యాయం.

చర్చల్లో అధికారులు "జీతం సంగతి చూస్తాం, మిగతావి తర్వాత" అంటే మొదట ఎగిరిపోయేవి టాయిలెట్, శిక్షణ లాంటివే. కాబట్టి ఏది వదలకూడదో ఊడ్చే ఆడవాళ్లతో కూర్చుని ముందే తేల్చుకోండి, చర్చలకు వెళ్లే టీంలో వాళ్లనూ తీసుకెళ్లండి.