గొంతుకు పని పెరిగే రోజులకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తరగతులు మొదలయ్యే రోజులో, కచేరీలు వరుసగా ఉన్న నెలో, పది రోజుల శిక్షణ శిబిరమో దగ్గర పడుతున్నప్పుడు, మాట్లాడటమే పనిగా ఉన్నవారు మిగతా ఏర్పాట్లన్నీ ముందే చూసుకుంటారు గానీ, గొంతును మాత్రం అది బొంగురుపోయిన తర్వాతే తలచుకుంటారు. అప్పటికి చేయగలిగేది తక్కువ. కనీసం రెండు వారాల ముందు నుంచి శ్రద్ధ పెడితే ఈ ఇబ్బందిని చాలావరకు తప్పించుకోవచ్చు.

గొంతులో జరిగేదేమిటో తెలిస్తే ఈ జాగ్రత్తల అవసరం బోధపడుతుంది. స్వరతంత్రులు అనే పేరు వీణ తీగలను గుర్తుకు తెచ్చినా, నిజానికి అవి కండరం మీద మెత్తటి తడి పొర కప్పిన రెండు చిన్న మడతలు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి అవి మామూలు మాటలో పురుషులకు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, స్త్రీలకు సుమారు 200 సార్లు దగ్గరై విడిపోతాయి. ఆ లెక్కన ఒక స్త్రీ గొంతు గంటసేపు ఆగకుండా పలికితే ఆ మడతలు ఏడు లక్షల సార్లకు పైగా ఒకదానికొకటి తగులుతాయి. అరిచినప్పుడు ఆ తాకిడి బలం కూడా పెరుగుతుంది. రోజూ ఒకే చోట దెబ్బ పడితే ముందు వాపు వస్తుంది. అది తగ్గేందుకు వ్యవధి ఇవ్వకపోతే క్రమంగా రెండు మడతల మీదా నాడ్యూల్స్ అనే చిన్న గట్టి బుడిపెలు ఏర్పడతాయి. ఉపాధ్యాయినులలో ఈ బాధ ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

కాబట్టి నా దృష్టిలో అన్నింటికంటే ముందు చూసుకోవలసినది మైకు. ఈ కాస్త గదికి మైకు ఎందుకని మొహమాటపడేవారు ఆ మొహమాటాన్ని వదులుకోవాలి. చుట్టూ శబ్దం పెరిగితే మనకు తెలియకుండానే మన స్వరమూ పెరుగుతుంది. 1911లో దీన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ పేరుతోనే దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. మెల్లగా మాట్లాడాలని ఎంత గట్టిగా అనుకున్నా ఫ్యాను హోరులో ఆ నిర్ణయం నిలవదు. తలుపు మూయడం, వినేవారి దగ్గరికి వెళ్లి మాట్లాడటం, గోల తగ్గేదాకా ఆగడం, ఇవే నిజంగా పనికివచ్చే ఉపాయాలు.

నీటి విషయంలో ఒక అపోహ ఉంది. తాగిన నీరు అన్నవాహికలోకి పోతుందే తప్ప స్వరతంత్రులను నేరుగా తడపదు. శరీరానికంతటికీ రోజుల తరబడి తగినంత నీరు అందుతూ ఉంటేనే వాటి మీది పొర పలచగా, జారుడుగా ఉంటుంది గనుక, వేదిక ఎక్కే ముందు గ్లాసెడు నీళ్లు తాగి ఊరుకుంటే చాలదు. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటల ఎడం ఉంచితే కడుపులోని ఆమ్లం గొంతు దాకా ఎగదన్నడం తగ్గుతుంది. పొగ మానడం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు మందు మానకూడదు గానీ, పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి.

పని మొదలైన తర్వాత మాట్లాడే గంటల మధ్య మౌనంగా ఉండే సమయాన్ని ముందే కేటాయించుకోవాలి. విరామంలో ఫోను మాట్లాడితే అది గొంతుకు విరామం కాదు. గొంతు సవరించుకోవడం అని మనం పిలిచే అలవాటు నిజానికి ఆ మడతలను బలంగా రాపిడి పెడుతుంది. ఆ కోరిక కలిగినప్పుడు ఒక గుటక నీళ్లు మింగడం మేలు. బిగపట్టి గుసగుసలాడటం కూడా విశ్రాంతి కాదు.

జలుబుతో గొంతు పోతే ఎక్కువ సందర్భాలలో కారణం వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ వల్ల ప్రయోజనం ఉండదు. ఒకటి రెండు వారాలలో సాధారణంగా అదే సర్దుకుంటుంది, మనం దాని మీద బలవంతం చేయకపోతే. మొద్దుబార్చే బిళ్లలు చప్పరిస్తూ కార్యక్రమం పూర్తిచేయాలనుకోవడమే ఇక్కడ పెద్ద పొరపాటు, ఎందుకంటే నొప్పి తెలియకపోయినా దెబ్బ తగులుతూనే ఉంటుంది. అరుస్తుండగానో పాడుతుండగానో స్వరం ఉన్నట్టుండి పోతే లోపల రక్తనాళం చిట్లి ఉండవచ్చు. వెంటనే పూర్తిగా మౌనం పాటించి ఈఎన్‌టీ వైద్యుణ్ణి కలవాలి. రక్తం పలచబరిచే మందులు, ఆస్పిరిన్ వంటివి వాడుతుంటే ఆ సంగతి వైద్యునికి చెప్పాలి, సొంతంగా మానకూడదు.

బొంగురుతనం నాలుగు వారాలు దాటితే కారణం ఏదై ఉంటుందని ఊహిస్తూ కూర్చోకుండా స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి. పొగతాగేవారు అన్నాళ్లు కూడా ఆగకూడదు, ఎందుకంటే స్వరపేటిక క్యాన్సర్‌కు తొలి సంకేతం చాలాసార్లు ఈ బొంగురుతనమే, తొలిదశలో పట్టుకుంటే అది నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ. మెడలో గడ్డ, మింగేటప్పుడు నొప్పి, దగ్గులో రక్తం ఉన్నా, థైరాయిడ్ శస్త్రచికిత్స తర్వాత గొంతు మారినా త్వరగా చూపించుకోవాలి. ఊపిరి ఆడకపోతే అది అత్యవసరం.

నాడ్యూల్స్ ఉన్నాయనగానే శస్త్రచికిత్స తప్పదని భయపడేవారిని చూస్తే బాధ కలుగుతుంది. వాటికి మొదటి చికిత్స స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకునే వాయిస్ థెరపీ. ఊపిరిని సరిగా వాడుకోవడం, మెడ బిగింపు వదలడం, సన్నని గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని అందులోకి మెత్తగా స్వరం పలకడం వంటి అభ్యాసాలతో చాలామందికి కత్తి అవసరం రాదు. ఒక వైపు మడత మీదే వచ్చే మెత్తటి బుడిపె అయిన పాలిప్‌కు మాత్రం తరచుగా శస్త్రచికిత్స అవసరమవుతుంది. దాని తర్వాత వైద్యుడు చెప్పినన్ని రోజులు మౌనంగా ఉండి, ఆపైన రోజుకు కొన్ని నిమిషాల చొప్పున మాటను పెంచుకుంటూ రావాలి కాబట్టి, సెలవును ఆ లెక్క ప్రకారమే పెట్టుకోవాలి.