98,76,54,321 లాంటి పెద్ద నంబర్ లోపల ఏముందో వరసగా కనుక్కోవడం ఎలా

పెద్ద నంబర్ ఇచ్చి దాన్ని ప్రైమ్‌ల (1తో, తనతో తప్ప దేనితోనూ భాగించబడని నంబర్ల) గుణకారంగా విడగొట్టమంటే చాలామంది కాలిక్యులేటర్ తీసి ఏది తోస్తే దాంతో భాగించుకుంటూ పోతారు, ఓపిక అయిపోతుంది గానీ లెక్క తేలదు. ఒక వరస పెట్టుకుంటే అంత కష్టం ఉండదు, ఈ నంబర్‌తోనే చేసి చూద్దాం.

చివర 1 ఉంది కాబట్టి 2, 5 అవుట్. అంకెలన్నీ కూడితే 45, అంటే 9తో పోతుంది. పోతుందని తెలిసిన వెంటనే భాగించేయండి, దయచేసి పాత నంబర్‌నే పట్టుకుని ముందుకెళ్లొద్దు, ఎందుకో కింద తెలుస్తుంది. 10,97,39,369 వచ్చింది, దీని అంకెల మొత్తం 47, ఇక 3 లేదు.

7, 11, 13 మూడింటికీ కలిపి ఒకటే టెస్ట్ ఉంది, నాకు చాలా ఇష్టం ఇది. 7 × 11 × 13 = 1001 కదా, అందుకని కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడగొట్టి (లక్షల కామాలు ఇక్కడ పట్టించుకోకండి) ఒకటి కలిపి ఒకటి తీసేస్తూ పోవాలి: 369 − 739 + 109 = −261. 261ని ఈ మూడింటిలో ఏదీ నిశ్శేషంగా భాగించదు, సో మూడూ ఒక్క దెబ్బకి అవుట్.

17తో భాగిస్తే 64,55,257, మళ్లీ 17తో భాగిస్తే 3,79,721. ఒకసారి పోయినదాన్ని ఇంకోసారి కూడా ట్రై చేయాలి, చాలామంది మిస్ అయ్యేది ఇక్కడే. మూడోసారి శేషం 9, కాబట్టి ఆపేయొచ్చు.

ఇంకెంత దూరం వెళ్లాలి? మిగిలినదాని వర్గమూలం దాకా చాలు. మొదటి నంబర్‌కైతే అది 31,426, ఇప్పుడు 616 మాత్రమే, వెంటవెంటనే భాగించమన్నది అందుకే. 19 నుంచి 613 దాకా ఉన్న 105 ప్రైమ్‌లు చిన్న పైథాన్ ప్రోగ్రామ్‌తో చూసేయండి, ఏదీ భాగించదు, అంటే 3,79,721 ప్రైమే.

సో 98,76,54,321 = 3² × 17² × 3,79,721. ఒక్కో ఘాతానికి 1 కలిపి గుణిస్తే 3 × 3 × 2 = 18, మొత్తం కారణాంకాలు అన్ని. వాటి మొత్తం కావాలంటే (1+3+9) × (1+17+289) × (1+3,79,721), అంటే 151,54,70,502.

అసలు మజా ఇంకోటి ఉంది. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రైమ్‌లన్నీ సరి ఘాతంలోనే ఉంటే ఆ నంబర్‌ని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు. ఇక్కడ అలాంటిది 3 ఒక్కటే, దాని ఘాతం 2, కాబట్టి కుదరాలి. 3² × 17² ఎలాగూ 51² కాబట్టి వెతకాల్సింది 3,79,721లోనే, అందులోంచి ఒక్కో వర్గం తీసేస్తూ మిగిలింది కూడా వర్గం అవుతుందా అని చూడండి, 80² తీసేస్తే మిగిలేది 3,73,321, అది సరిగ్గా 611². రెండింటినీ 3 × 17 = 51తో గుణిస్తే 31,161² + 4,080², కూడి చూడండి, 98,76,54,321 వస్తుంది.