రంగు నీళ్లు సింకులో పోయకుండా బొమ్మలు వేయడం ఎలా?

పర్యావరణానికి హాని చేయకుండా బొమ్మలు వేయాలనుకోగానే చాలామంది కొత్తరకం రంగులు కొనడానికి బయల్దేరతారు. ఇంట్లో ఉన్న రంగులు అయిపోయేదాకా వాడుకోవడమే మేలు. ముందు మార్చుకోవలసింది కుంచె కడిగే పద్ధతి. అక్రిలిక్ రంగును పట్టి ఉంచే జిగురు ప్లాస్టిక్కే. కడిగిన నీళ్లు సింకులో పోస్తే ఆ ప్లాస్టిక్ రేణువులూ కాలువలోకి పోతాయి.

1. కడిగే ముందు తుడవండి. పాత నూలుచీర ముక్క చాలు, గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా తుడవండి. పాలెట్ మీద మిగిలిన అక్రిలిక్‌ను ఆరనిచ్చి, పొరలా ఒలిచి చెత్తబుట్టలో వేయండి.

2. రెండు సీసాల్లో నీళ్లు పెట్టుకోండి. మొదటిదాంట్లో మురికి వదిలించి, రెండోదాంట్లో జాడించండి. కుళాయి కింద కడగడం మానేయండి.

3. మురికి నీళ్లను ఒక బకెట్లో పోగుచేయండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. బురదనీళ్లను తేర్చడానికి మన ఇళ్లలో వాడిన పటికే ఇక్కడా పనికొస్తుంది. ఐదు లీటర్లకు రెండు పెద్ద చెంచాల పటిక పొడి వేసి బాగా కలపండి. పటికతో నీళ్లు పులుపెక్కుతాయి కాబట్టి కొంచెం తడిసున్నం నీళ్లలో కలిపి పోయండి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, చేతులకు గ్లవ్స్ ఉండాలి. కాసేపటికి రంగు ముద్దలు కట్టడం కనిపిస్తుంది. కట్టకపోతే ఇంకాస్త పటిక వేయండి. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున మడతలు పెట్టిన దళసరి గుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలిన మడ్డిని ఎండబెట్టి చెత్తలో వేయండి. తేరిన నీళ్లలో కరిగిన లవణాలు ఉంటాయి కాబట్టి మొక్కలకు పోయకండి. కుంచెల మొదటి కడుగుడుకు మళ్లీ వాడుకోండి.

4. ఆయిల్ రంగులు వేసేవాళ్లు కుంచెను ముందు కుసుమ నూనెలో ముంచి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగవచ్చు. చాలాసార్లు టర్పెంటైన్ అవసరమే రాదు. తప్పకపోతే, వాడినదాన్ని మూత బిగించిన సీసాలో కదపకుండా పెట్టండి. రంగు అడుగుకు దిగాక పైతేటను వేరే సీసాలోకి వంచి మళ్లీ వాడండి. నూనె గుడ్డల విషయంలో చాలా జాగ్రత్త: ఆయిల్ రంగుల్లో కలిసే అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టి మూల పడేసిన గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. ఆరుబయట పరిచి పూర్తిగా ఆరనిచ్చాకే పారేయండి.

5. కొత్త ట్యూబు కొనేటప్పుడు, అందులో ఏ రంగు పదార్థం ఉందో చెప్పే కోడ్‌ను వెనకవైపు చదవండి. పీఆర్ 108 (PR108), పీవై 35 (PY35) అని ఉంటే అందులో కాడ్మియం ఉన్నట్టు, అది విషలోహం. పీఆర్ 101, పీవై 43 ఇనుముతో వచ్చే రంగులు, వాటికి ఆ బెడద లేదు.

6. సహజ రంగులు ప్రయత్నించాలనుకుంటే నలుపుతో మొదలుపెట్టండి. శ్రీకాళహస్తి కలంకారీలో తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి ఆ ద్రవంతో గీస్తారు. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద పడగానే గీత నల్లబడుతుంది, కరక్కాయలోని వగరు ఇనుముతో కలవడమే కారణం.

అయితే సహజమైనదంతా క్షేమం కాదు. పాతకాలపు పసుపు రంగు హరితాళంలో ఆర్సెనిక్, ఎర్రటి ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి, వాటి జోలికి పోకండి. జేగురు నూరేటప్పుడు కూడా మాస్క్ పెట్టుకోండి, మట్టిరంగుల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.