ఫ్యాషన్ డిజైన్‌లో పీజీ: విజయవాడ, గుంటూరు విద్యార్థులకు

డిగ్రీ పూర్తయ్యాక ఫ్యాషన్ రంగంలో పీజీ చేయదలచినవారు ముందుగా ఏ కోర్సు తమకు సరిపోతుందో తేల్చుకోవాలి. జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ, అంటే నిఫ్ట్, రెండేళ్ల పీజీ కోర్సులను మూడు రకాలుగా నిర్వహిస్తోంది. వీటిలో ఎం.డిజైన్, ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ కోర్సులకు ఏ డిగ్రీవారైనా అర్హులే కాగా, ఫ్యాషన్ టెక్నాలజీకి మాత్రం బీటెక్, బీఈ లేదా నిఫ్ట్ వారి బీఎఫ్‌టెక్ (ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ) తప్పనిసరి. మనకు దగ్గరి కేంద్రం హైదరాబాద్ అయినా, ప్రతి కోర్సూ ప్రతి కేంద్రంలోనూ ఉండదు కనుక ఆ ఏటి ప్రకటన చూసుకున్నాకే దరఖాస్తు చేయాలి.

ఎం.డిజైన్‌కు సృజనాత్మక సామర్థ్య పరీక్ష, సాధారణ సామర్థ్య పరీక్ష, ఆపై ఇంటర్వ్యూ ఉంటాయి. చాలామంది బొమ్మల సాధనలోనే మునిగిపోతారు కానీ, పీజీ స్థాయిలో గీతకన్నా ఆలోచనే ముఖ్యమని నా అభిప్రాయం.

అందుకే ఒక సమస్యను ఎంచుకుని లోతుగా పరిశీలించండి. విజయవాడకూ గుంటూరుకూ నడుమనే ఉన్న మంగళగిరిలో, గుంట మగ్గంపై నిజాం అంచు అనే సంప్రదాయ జరీ అంచుతో నేసే నూలు చీరను తీసుకుందాం. పడుగు, పేక, రంగుల అద్దకం, నేతగాడికి దక్కే కూలి, విజయవాడ టోకు బట్టల బజారైన వస్త్రలతలో వ్యాపారులు అడిగే రకాలు, ఇవన్నీ కనుక్కుని, అదే వస్త్రంతో నేటి ఉద్యోగినులకు పనికొచ్చే దుస్తులు రూపొందించి, తొలి చిత్తు గీతల నుంచి కుట్టిన నమూనా వరకు మీ పోర్ట్‌ఫోలియోలో, అంటే మీ పనుల సంకలనంలో, చేర్చండి. చిత్తు గీతలను పారేయకండి. మీ ఆలోచన సాగిన తీరు వాటిలోనే కనిపిస్తుంది.