ఆమ్‌స్టర్‌డామ్ కాఫీషాపుకు ముందు జేబులో ఉండవలసినవి

ఫోనులోని పాస్‌పోర్టు ఫొటో చూపించి, గంజాయి అమ్మే ‘కాఫీషాపు’ గుమ్మం దగ్గరే వెనుదిరిగి, అసలు పాస్‌పోర్టు కోసం హోటలు దాకా నడవవలసి రావడం ఆమ్‌స్టర్‌డామ్‌లో మనవాళ్ళకు తరచుగా ఎదురయ్యే చికాకు. 18 ఏళ్ళు నిండాయని నిరూపించే అసలు గుర్తింపు పత్రాన్నే అక్కడ అడుగుతారు. తల నెరిసినా మినహాయింపు ఉంటుందని అనుకోకండి. కొన్నిచోట్ల విదేశీ కార్డులు చెల్లవు కనుక, పాస్‌పోర్టుతో పాటు 5, 10 యూరోల నోట్లు కొన్ని దగ్గర ఉంచుకోండి.

లోపల కూర్చోదలచినవారు ముందుగా టీయో, పండ్లరసమో కొనుక్కోవడం మర్యాద. మద్యం అక్కడ అమ్మరు. ఒక్కరికి రోజుకు 5 గ్రాముల గంజాయికి మించి ఇవ్వరు. 2008 జులై నుంచి లోపల పొగాకు కాల్చడంపై నిషేధం ఉన్నందున, పొగాకు కలిపి చుట్టినదాన్ని లోపల వెలిగించనివ్వరు. ఉత్త కాఫీ కావలసినవారు మాత్రం ‘కాఫీషాప్’ అన్న బోర్డును దాటి, ‘కఫే’ అన్నదాన్ని వెతుక్కోవాలి.

అయితే ఈ ఏర్పాటు అదే దేశంలోని మరో నగరమైన మాస్ట్రిక్ట్‌లో పనికిరాదు. అక్కడి కాఫీషాపుల్లో నెదర్లాండ్స్ నివాసులకే ప్రవేశం, పర్యాటకుల పాస్‌పోర్టు చెల్లదు. మిగిలిన గంజాయిని సంచిలో వేసుకుని దేశం దాటకండి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం కొద్దిపాటి గంజాయి కూడా నేరమే.