బోల్టులు పడితే చాలదు, చక్రం కూర్చోవాలి

విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద 28 ఏళ్ళ నుంచి పని చేస్తున్నాను. నా కారు 2020 నాటి హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్న మూడో నెలలోనే రామవరప్పాడు రింగు దాటాక గుంతలో పడి ముందు రిమ్ము అంచు వంగింది. వేడి చేసి సాగదీసి ఇస్తామనేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. అల్యూమినియం ఒకసారి వంగి మళ్ళీ తిన్నగా అయితే పగులు ఎక్కడ దాక్కుందో కంటికి ఆనదు. ఆ కారులో పిల్లలు తిరగాలి.

అప్పుడే హ్యుందాయ్‌దే క్రెటా ఎలక్ట్రిక్ చక్రాల సెట్టు ఒకటి అమ్మకానికి వచ్చింది. ఆ కారు 2025 జనవరిలో విడుదలైంది. కొన్నవాళ్ళలో కొందరు బండి ఇంటికొచ్చిన వారంలోనే పెద్ద అల్లాయ్‌లు వేయించుకుని, కంపెనీవి టైర్లతో సహా అమ్మేస్తారు. 17 అంగుళాల చక్రం, ముఖం చాలావరకు మూసుకుని ఉంటుంది. బ్యాటరీ బండికి ఆ మూత మంచిది, గాలి చక్రంలో తిరగబడకుండా పక్కనుంచి జారిపోతుంది.

టైర్ల షాపు కుర్రాడు ఒక రిమ్ము ఎత్తి, "బాబాయ్, అయిదు బోల్టులూ పడతాయి. ఇంకేం చూస్తావు, ఎక్కించేద్దాం" అన్నాడు. "పడటం వేరురా, కూర్చోవడం వేరు" అన్నాను. ఇక్కడ రాసేదంతా ఆ రెంటి మధ్య తేడా గురించే.

డబ్బు ఇవ్వకముందే వర్నియర్, అంటే సన్నటి కొలతలు చూపే స్కేలు, తీసుకెళ్ళండి. మొదట పీసీడీ, అంటే బోల్టు రంధ్రాల మధ్యబిందువుల మీదుగా గీసే వలయం వ్యాసం. అయిదు రంధ్రాల రిమ్ముకి ఎదురెదురుగా కొలవడం కుదరదు. పక్కపక్కన ఉన్న రెండు రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరానికి ఒక రంధ్రం వ్యాసం కలపండి, వచ్చినదాన్ని 1.7తో గుణించండి. కోనాకి పీసీడీ 114.3 మి.మీ., కాబట్టి పక్క రంధ్రాల మధ్య 67.2 రావాలి. 63.5 వచ్చిందంటే అది 108 రిమ్ము, అక్కడే వదిలేసి రండి. హబ్బు అంటే బండి వైపు చక్రం కూర్చునే దిమ్మ, దాని నుంచి పొడుచుకొచ్చే బోల్టులే స్టడ్డులు. 112 రిమ్ముని 114.3 హబ్బుకి లాగి బిగించిన బండ్లు నా దగ్గరికొచ్చాయి. నట్టు ఒక పక్కకే ఆనుకుని, స్టడ్డు మెడ దగ్గర మెరుపు తేలి ఉంటుంది. అది తెగడానికి సిద్ధంగా ఉన్న స్టడ్డు.

తర్వాత మధ్య రంధ్రం. కోనాకి 67.1 మి.మీ. హబ్బు మీదికి ఇది సరిగ్గా జారాలి. వదులుగా వస్తే చక్రం నట్ల మీద వేలాడుతుంది, 80 దాటితే స్టీరింగ్ వణుకుతుంది. బయటి కంపెనీ అల్లాయ్‌లకి ఈ రంధ్రం పెద్దదిగా ఉంచి, ప్లాస్టిక్ రింగు పెట్టి ఇస్తారు. అలాంటి చోట నేను అల్యూమినియం ముక్క లేతు మీద తిప్పి రింగు చేసుకోమంటాను. టయోటా రిమ్ములకి ఇదే 114.3 ఉన్నా మధ్య రంధ్రం 60.1 ఉంటుంది, హబ్బు మీదికే రాదు. దాన్ని బోరింగ్ చేసి పెద్దది చేయమని అడిగేవాళ్ళు నెలకొకరు వస్తారు. బరువు మోసే చోట లోహం తీయలేనని చెప్పి పంపేస్తాను.

నట్లు కూడా చూడండి. కోనా నట్లు 12 మి.మీ., పిచ్ (మర చుట్ల మధ్య దూరం) 1.5, కూర్చునే చోటు శంఖువులా 60 డిగ్రీల వాలు. హోండా నట్టు మరకి సరిపోతుంది కానీ దాని అడుగు గుండ్రం. శంఖువు గుంటలో గోళీ పెట్టినట్టు ఒక గీత మీదే ఆనుతుంది. మర పట్టింది కదా అని మోసపోయేది ఇక్కడే.

ఇక ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్యగీతకి హబ్బు మీద ఆనే ముఖం ఎన్ని మి.మీ. దూరంలో ఉందో చెప్పే అంకె. రిమ్ము వెనక, కమ్మీల మీద పోత పోసి ఉంటుంది, మట్టి తుడిస్తే కనిపిస్తుంది. పాతదీ కొత్తదీ రెండూ కాగితం మీద రాసుకోండి. అంకె తగ్గితే చక్రం బయటికొస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. ఉదాహరణకి 50 పోయి 45 వస్తే 5 మి.మీ. బయటికి. వెడల్పు కూడా అరంగుళం పెరిగితే అటు 6, ఇటు 6 మి.మీ. పైచిలుకు పెరుగుతుందని కలుపుకోండి. మొత్తం తేడా 5 మి.మీ. దాటితే నేను వద్దంటాను. హబ్బు బేరింగు మీద భారం మారుతుంది, స్టీరింగ్ గుణమూ మారుతుంది.

2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత ఊళ్ళో మునిగిన బండ్ల చక్రాలు కూడా చేతులు మారాయి. వాల్వు మొదట్లో, టైరు అంచు కింద ఎర్రటి సన్నటి ఒండ్రు ఉందేమో వేలు పెట్టి చూడండి.

టైరు విషయంలో నాకూ ఆశ పుట్టింది. క్రెటా ఎలక్ట్రిక్‌తో వచ్చినవి 215/60 ఆర్17, కోనావి 215/55 ఆర్17. 215 అంటే మి.మీ.లో టైరు వెడల్పు, 60, 55 అంటే ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, 17 అంటే రిమ్ము అంగుళాలు. లెక్క కట్టాను. కోనా టైరు మొత్తం ఎత్తు 668 మి.మీ., క్రెటాది దాదాపు 690. అంటే 3.2 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 100 చూపిస్తే బండి 103 మీద ఉంటుంది, తిరిగిన కిలోమీటర్లు తక్కువగా పడతాయి, మిగిలిన రేంజి లెక్కా తప్పుతుంది. బండి 11 మి.మీ. పైకి లేస్తుందన్నది నిజమే, మన స్పీడ్ బ్రేకర్లకి అది పనికొస్తుంది. కానీ నిండా జనంతో స్టీరింగ్ చివరిదాకా తిప్పితే లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునే ప్రమాదం ఉంది. రిమ్ములు ఉంచుకుని టైర్లు మార్చాను. మీరూ 215/55 ఆర్17 వేయించండి, లోడ్ ఇండెక్స్ 94కి తగ్గకూడదు. 94 అంటే టైరుకి 670 కిలోలు. బ్యాటరీ బండి బరువెక్కువ, పైగా ఈ మోటారు 395 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలాన్ని ఒక్కసారిగా ఇస్తుంది. చవక టైరు దీనికి నిలవదు.

టైరు ఎక్కించకముందే ఉత్త రిమ్ముని కారుకి పెట్టి చూడాలి. దానికి కారు లేపాలి, బ్యాటరీ బండిలో అసలు జాగ్రత్త అదే. నేల కింద పొడుగునా బ్యాటరీ పెట్టె ఉంటుంది. కారు కొన్న కొత్తల్లో ఒక షాపులో నేను టీ తాగి వచ్చేలోపు ట్రాలీ జాకీ మధ్యలో పెట్టి లేపేశారు. అడుగు రేకు అరచేయంత సొట్ట పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పెట్టె వరకు తగల్లేదని తేలింది. అప్పట్నుంచి రబ్బరు దిమ్మ నేనే తీసుకెళ్తున్నాను. తలుపుల కింద అంచున గుర్తు పెట్టిన నాలుగు చోట్ల తప్ప ఎక్కడా జాకీ పెట్టనివ్వకండి. నట్లు కొంచెం వదులు చేశాక లేపండి, లేపాక స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు.

ముందు చక్రం తిప్పి చూడాలంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలి, వెనక చక్రాలకి పార్కింగ్ బ్రేకు, ఇటుకలు రెండూ ఉండాలి. వెనక చక్రానికైతే గేరు పార్క్‌లో పెట్టి, ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, పార్కింగ్ బ్రేకు వదలండి.

ఇప్పుడు పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే కొంచెం తీసుకోండి. శనగగింజంత ఉండలు చేసి బ్రేకు క్యాలిపర్ (బ్రేకు డిస్కుని నొక్కి పట్టే భాగం) పైభాగాన మూడు చోట్ల అంటించండి. రిమ్ము పెట్టి, మూడు నట్లు చేత్తో బిగించి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. తీసి చూస్తే ఉండలు రిమ్ము నొక్కినంత పల్చబడి ఉంటాయి. బ్లేడుతో కోసి మందం కొలవండి. నాకైతే కనీసం 3 మి.మీ. ఉండాలి, ఎందుకంటే తర్వాత బ్యాలెన్సింగ్ బరువులు లోపలే అంటిస్తారు. బరువులకి చోటు లేకపోతే మొదటి వంద కిలోమీటర్లలోనే గీరుకుని ఊడిపోతాయి.

హబ్బు ముఖం శుభ్రం చేయడం దగ్గర తొందరపడకండి. వైరు బ్రష్షుతో రుద్ది, ఎమరీ కాగితం పట్టి, బట్టతో తుడిచి, గోరు పెట్టి అంతటా లాగి చూడండి. గోటికి ఏ చిన్న పలుకు తగిలినా మళ్ళీ రుద్దాలి. తుప్పు పలుకు మీద కూర్చున్న చక్రం ఈరోజు బిగువుగానే ఉంటుంది. వారానికి ఆ పలుకు నలిగి పొడై, నట్టు వదులవుతుంది. నట్లు ఊడాయని వచ్చే బండ్లలో నేను మొదట చూసేది ఈ ముఖమే. మధ్య గుండ్రటి అంచుకి మాత్రం పల్చగా గ్రీజు రాయండి, రిమ్ము పట్టేయకుండా ఉంటుంది. స్టడ్డు మరలకి గ్రీజు వద్దు, లెక్కకి మించి బిగుసుకుంటాయి.

గాలి సెన్సార్లు పాత రిమ్ముల నుంచి తీసి కొత్తవాటికి పెట్టించాను. టైరు ఊడదీసేటప్పుడు వాల్వుకి ఎదురు పక్క నుంచి మొదలుపెట్టమనండి, లేకపోతే సెన్సారు పగులుతుంది.

బిగింపు గాలి గన్నుతో కాదు. 21 నంబరు సాకెట్టు పెట్టి, నట్లన్నీ చేత్తో మొదలుపెట్టి, నక్షత్రం గీసినట్టు ఒకటి విడిచి ఒకటి పట్టండి. కారు దించాక టార్క్ రెంచితో 115 న్యూటన్ మీటర్లు. కంపెనీ లెక్క 11 నుంచి 13 కిలోగ్రామ్ మీటర్లు, అంటే 108 నుంచి 127. రెంచి టిక్కుమన్నాక మళ్ళీ నొక్కొద్దు. గాలి పొద్దున్నే, బండి కదలకముందు, డోరు దగ్గర స్టిక్కరు చూసి పట్టండి. మన ఎండాకాలం మధ్యాహ్నం పట్టిన గాలి లెక్కకి రాదు.

ఇన్సూరెన్సు వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి, రిమ్ముల ఫొటోలు జత చేయండి.

నేను మర్నాడు గుంటూరు వెళ్ళొచ్చాను, రానూపోనూ 70 కిలోమీటర్లు. కాజ టోల్ దాటాక రోడ్డు సాఫీగా ఉన్న చోట 90 మీద స్టీరింగ్ వదులుగా పట్టుకుని చూశాను, వణుకు లేదు. ఇంటికొచ్చి బండి చల్లబడ్డాక రెంచి మళ్ళీ పెట్టాను. ఇరవై నట్లలో పందొమ్మిది కదలకుండానే టిక్కుమన్నాయి. వెనక ఎడమ చక్రంలో ఒకటి మాత్రం వెంట్రుకవాసి తిరిగింది. వారం తర్వాత చూస్తే అదీ కదల్లేదు.

టైరు కొలత మార్చలేదు కాబట్టి పాత రిమ్ముల్లో బాగున్న ఒకటి పాత టైరుతోనే స్టెప్నీగా ఉంచుకున్నాను. హైదరాబాదు వెళ్ళేటప్పుడు డిక్కీలో వేసుకుంటాను. దానికి సెన్సారు లేదు, ఎక్కిస్తే డ్యాష్‌బోర్డు మీద గాలి లైటు వెలుగుతుంది. ఆ లైటు చూసి కంగారుపడొద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.