నిర్లక్ష్యానికి గురైన ఆక్సలాటల్‌ను కోలుకునేలా చేయడం

మురికి పట్టిన, వెచ్చని నీటిలో నెలల తరబడి ఉన్న ఆక్సలాటల్ (బల్లిలాంటి నీటి ఉభయచరం) మీ సంరక్షణలోకి వచ్చినప్పుడు, దానికి మొదట కావలసినది మందు కాదు, చల్లని శుభ్రమైన నీరు. మెక్సికో నగరపు దక్షిణ భాగంలో, సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న షొచిమిల్కో కాలువలు దీని సహజ నివాసం. జీవితాంతం మొప్పలతో నీటిలోనే బతికే ఈ ఉభయచరం, నీటిలో ఏ విషం ఉన్నా మొప్పల ద్వారానూ పలుచని చర్మం ద్వారానూ నేరుగా పీల్చుకుంటుంది. పాడైన నీటిని మార్చకుండా మందులు పోస్తే జబ్బు తగ్గదు సరికదా, ప్రాణానికే ముప్పు వస్తుంది.

ముందు దానిని తాకకుండా నిదానంగా పరిశీలించండి. పైనుంచి చూసినప్పుడు పొట్ట వెడల్పు దాదాపు తల వెడల్పంత ఉండాలి. అంతకంటే బాగా సన్నగా ఉంటే చాలాకాలంగా తిండి అందలేదని అర్థం. మొప్పకాడలు ముందుకు వంగి ఉన్నా, తోక కొన ముడుచుకొని ఉన్నా అది బాధలో ఉన్నట్లే. మొప్పల మీది నూగు రాలిపోయి బోడి కాడలు మాత్రమే మిగిలి ఉన్నా నిరాశ పడనక్కరలేదు, నీరు బాగుపడితే అది మళ్లీ పెరుగుతుంది. తొట్టె నీటిని టెస్ట్ కిట్‌తో పరీక్షిస్తే అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు రెండూ సున్నా ఉండాలి. వీటిలో ఏది కనిపించినా జీవిని వెంటనే బయటకు తీయాలి.

ఇందుకు మూత ఉన్న రెండు ప్లాస్టిక్ టబ్బులు సరిపోతాయి. ఒకదానిలో జీవి ఉండగా రెండవదానిలో మరుసటి రోజుకు కావలసిన నీటిని క్లోరిన్ పోగొట్టి, చల్లబరచి సిద్ధం చేసుకొని, రోజుకొకసారి నీరంతా మార్చాలి. క్లోరిన్ పోగొట్టే మందులో కలబంద కలిసి ఉండకూడదు. ఆర్వో నీటిలో ఖనిజాలు దాదాపు ఉండవు కనుక దానిని ఒక్కదానినే వాడవద్దు. కాస్త కఠినజలమే దీనికి మేలు. జాలి వలతో పట్టుకుంటే దాని కాలివేళ్లు చిక్కుకుంటాయి కాబట్టి గిన్నెతో నీటితోపాటే ఎత్తాలి.

నీటి వేడిమి 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండటం ఉత్తమం. 24 దాటితే ప్రమాదం. మన వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీరే 30 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, చిల్లర్ (నీటిని చల్లబరిచే పరికరం) లేకుండా తెలుగునాట దీనిని పెంచడం న్యాయం కాదని నా అభిప్రాయం. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు నాలుగు రోజుల అవసరానికి పనికొస్తాయి. అయితే వెచ్చని నీటికి అలవాటుపడిన జీవిని ఒక్కసారిగా చల్లని నీటిలో వేయకుండా, కొన్ని గంటలపాటు మెల్లగా వేడిమి తగ్గించాలి.

మొప్పల మీద తెల్లని దూది పింజల్లా బూజు కనిపిస్తే ఉప్పునీటి స్నానం చేయించవచ్చు. వేరే పాత్రలో లీటరు చల్లని నీటికి రెండు టీస్పూన్ల అయోడిన్ లేని ఉప్పును పూర్తిగా కరిగించి, అందులో 10 నిమిషాలు ఉంచి, తిరిగి మంచినీటి టబ్బులోకి మార్చాలి. 15 నిమిషాలు మించితే మొప్పలు దెబ్బతింటాయి. పొట్ట కింద ఎర్రని మచ్చలో పుండ్లో కనిపిస్తే మాత్రం సొంత వైద్యం మాని, ఉభయచరాల గురించి తెలిసిన పశువైద్యుణ్ణి సంప్రదించాలి.

ఆహారంగా వానపామును మించినది లేదు. పురుగుమందులు వాడని నేలలోంచి తీసినదానిని కడిగి, చిన్న ముక్కలు చేసి, రోజుకు కొంచెం చొప్పున పెట్టాలి. చిక్కిపోయింది కదా అని ఒకేసారి కడుపు నింపకూడదు. వర్మికంపోస్టులోని ఎర్ర వానపాములు చేదు ద్రవం వదులుతాయి కనుక, నోట పట్టి వెంటనే ఉమ్మేస్తే అది ఆకలి లేకపోవడం కాకపోవచ్చు. తినని ముక్కలను అప్పుడే తీసేయాలి, లేకపోతే అమ్మోనియా మళ్లీ పెరుగుతుంది.

ఈలోగా పెద్ద తొట్టెను సిద్ధం చేయాలి. ఫిల్టర్‌లో అమ్మోనియాను, నైట్రైట్‌ను హరించి మేలు చేసే బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అంతవరకు టబ్బులోనే ఉంచడం క్షేమం. అడుగున గులకరాళ్లు ఉంటే తిండితోపాటు మింగి పేగులకు అడ్డం పడతాయి. సన్నని ఇసుక పరచండి, లేదా ఖాళీగా వదిలేయండి. తెగిన కాలు ఉంటే అది పూర్తిగా తిరిగి పెరిగేవరకు మరో ఆక్సలాటల్‌ను ఆ తొట్టెలో వేయవద్దు. మొప్పలను కొరికే చేపలనైతే ఎప్పుడూ వేయవద్దు.